తొలి యెత్తులు: పులిజూదము, చందుర్తి పొలము

మన భాషలో ‘ఎత్తు’ అను మాట చదరంగపు బల్లకును రణరంగమునకును ఒక్కటే. బంటును ఒక గడి ముందునకు నడుపుట ఎత్తు. పగవానిని మోసపుచ్చుటకు పన్నిన ఉపాయమును ఎత్తే. దానికి ఎదిరి వేయునది పైయెత్తు. ఈ మాటను వాడుకలోనికి తెచ్చిన పెద్దలకు ఆటకును దండయాత్రకును గల చుట్టఱికము బాగుగ తెలిసియుండవలెను. రెండును వంతులవారి వ్యవహారములే. ఒకడు ఒక పని చేయును. రెండవవాడు దానిని చూచి తన పని చేయును. నడుమ ఊరకుండుటయు ఒక ఎత్తుగనే లెక్కకు వచ్చును.

శ్రోతలారా! ఆట చూచువారి కన్ను సాధారణముగ కాయలు చచ్చు సమయము మీదనే నిలుచును. ఏనుగు పోయినది, మంత్రి పడినది అనినప్పుడు చుట్టు మూగినవారు కేకలు వేయుదురు. మొదటి పది పదునైదు ఎత్తులు మాత్రము చప్పగ నుండును. ఒక్క కాయయు చావదు. ఎవడో ఒక మూల ఒక గింజ నుంచును, వేఱొకడు తల గోకికొనును. అయినను రాజ్యములు గెలుచు ఆటలలో జయాపజయములు చాలవఱకు ఆ చప్పని భాగముననే తేలిపోవునని నా యభిప్రాయము. ఇందుకు ఒక ఆటను, ఒక యుద్ధమును సాక్ష్యముగ చెప్పెదను. ఆట మన పల్లెల పులిజూదము. యుద్ధము 1758లో, ఇప్పటి కాకినాడ జిల్లాలోని అన్నవరమునకు కొలది క్రోసుల దూరమున, చందుర్తి పొలములో జరిగినది.

ముందు ఆటను చూతము. పులిజూదమనియు, పులి-మేక ఆటయనియు దీనిని పిలుతురు. జూదమను పేరే కాని ఇందు పాచికలు లేవు, అదృష్టమునకు చోటు లేదు. శిఖరమువంటి ఒక బిందువునుండి నాలుగు గీతలు క్రిందికి విచ్చుకొనును. వానిని మూడు పొడవాటి అడ్డగీతలు కోసి, ఇరుప్రక్కలకు చేతులవలె సాగును. ఆ చేతుల కొనలను నిలువు గీతలు కలుపును. అన్నిటికంటె అడుగున, నాలుగు గీతల చివరలను కలుపుచు, ఒక కుఱుచ గీత యుండును. చూచుటకు గోపురమునకు రెక్కలు మొలచినట్లుండును. గీతలు కలియు చోట్లు లెక్కించినచో మూడు అడ్డగీతలమీద ఆఱేసి చొప్పున 18, అడుగున 4, శిఖరము 1, వెరసి 23. పులులు 3, మేకలు 15. కొన్ని యూళ్లలో గీతల పొందికయు కాయల లెక్కయు మాఱుచుండును గాని, విరివిగ కానవచ్చునది ఇది.

దీనికి బల్ల కొనవలసిన పని లేదు. రచ్చబండ మీద సుద్దతోనో బొగ్గుతోనో గీసికొన్న చాలును. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు గుప్పెడు చింతపిక్కలు. హంపీ శిథిలములలో బండలపై చెక్కిన ఆటగీతలు నేటికిని కానవచ్చుచున్నవి. ఈ జాతి ఆటలు దేశదేశముల కలవు. తమిళులు దీనిని ఆడు-పులి ఆటయందురు. నేపాళమున 4 పులులు, 20 మేకలు, 25 చోట్లతో ఆడుదురు. సింహళమున చిఱుతలును పశువులును. ఐరోపావారు పులి నెఱుగరు కనుక నక్కను, బాతులను పెట్టుకొనిరి. ఎక్కడ చూచినను పొందిక ఒక్కటే: బలవంతులు కొందఱు, బలహీనులు పెక్కండ్రు, బలవంతుడు దూకి చంపును, బలహీనులు చుట్టుముట్టి నిలుపుదురు. చదరంగములో ఇరువైపుల సేనలు సమానము. లోకములో సమబలుల యుద్ధములు అరుదు. అందువలననే, చదరంగమునకు గల రాజమర్యాద దీనికి లేకున్నను, దండయాత్రల తత్త్వము దీనియందే ఎక్కువగ కలదని నాకు తోచుచుండును.

నియమములు స్వల్పము. పులులు ముందుగనే శిఖరమున, దాని చెంతను కూర్చుండును. మేకలన్నియు బల్లకు వెలుపల నుండును. మేకలవాడు తన వంతునకు ఒక్కొక్క మేకను ఖాళీచోట నుంచవలెను. పులులవాడు తన వంతునకు ఒక పులిని ప్రక్క చోటికి జరుపవచ్చును, లేదా చెంతనున్న మేకమీదుగ, అదే గీతపై దానికి ఆవలి చోటు ఖాళీగ నున్నచో, దూకి దానిని చంపవచ్చును. పదునైదు మేకలును దిగువఱకు దిగిన మేక కదలరాదు. ఈ ఒక్క నియమములోనే ఆటయొక్క ప్రాణమున్నది. ఉంచిన మేకను తప్పించుటకు వీలులేదు. దాని వెనుక చోటును నింపి కాపాడుటయొక్కటే ఉపాయము. ఒక యెత్తులో ఒక్క చోటే నింపగలము. పులి ఒకేసారి రెండు మేకలపై కన్నువేసిన, ఒకటి పోయినట్లే.

కాబట్టి మొదటి మేకను ఎచ్చట నుంచవలెను? ఆట నేర్వని పిల్లవాడు దానిని నడుమనుంచును. నడిమి చోటు రాజసముగ కనబడును. నాలుగు వైపులను కన్నువేసినట్లుండును. కాని నాలుగువైపుల గీతలు సాగు చోట నాలుగువైపుల నుండియు చావు వచ్చును. తెలిసినవాడు మూలకు పోవును. గీత తనలోనుండి సాగిపోని చోట, అనగా గీతలన్నియు వచ్చి ఆగిపోవు చోట, మేకమీదుగ దూకుటకు ఆవలి చోటే లేదు. చేతుల కొనలలో పైన రెండు, క్రింద రెండు, అడుగు గీత చివరలు రెండు: ఈ ఆఱు మూలలందును మేకకు చావు లేదు. అడుగు గీతమీది నాలుగు చోట్లను మేకలు ఆక్రమించిన, పైనుండి దూకుటకు ఆవల నేల లేదు, ప్రక్కనుండి దూకుటకు చోటు లేదు. నాలుగును కోటగోడవలె నిలుచును. ప్రక్క చేతుల మూడేసి కొనలను నింపిన ఆ ఆఱును అట్లే. ఈ లెక్కను పది మేకలు ఒక్క ప్రాణమైనను పోక నిలువవచ్చును. మిగిలిన ఐదింటితో నడిమి బయలును మెల్లమెల్లగ ముడువవచ్చును.

ఆట చివరి లెక్క యిది. పదునైదు మేకలును చావక దిగినచో, మూడు పులులతో కూడ 18 చోట్లు నిండును. ఖాళీగ మిగులునవి 5 మాత్రమే. మూడు పులులకు ఐదు చోట్లు! మొదటి దశలో ఐదు మేకలు పోయినచో ఖాళీలు పది. ఆ బయలులో పులి విచ్చలవిడిగ తిరుగును, మేకలవాడు ఆటను చాలించి లేచి పోవచ్చును. ఇదంతయు ఒక్క మేకయైనను కదలకమునుపే తేలిపోవుచున్నది. నేపాళపు ఆటను ఈ శతాబ్దమున గణనయంత్రములతో తుదవఱకు పరీక్షించిరి. ఇరువురును తప్పు చేయకున్నచో ఎవరును గెలువరని తేలినది. అనగా ఓడినవాడు ఎక్కడో తప్పటడుగు వేసినాడన్నమాటే.

పులులవాడు ఈ మూలలను ముందుగనే తాను ఆక్రమింపవచ్చును గదాయని మీరడుగవచ్చును. ఆక్రమింపవచ్చును. కాని మూల మేకకు కోట, పులికి బోను. అచ్చటినుండి వెలికి దారులు రెండే; రెండు మేకలును వాని వెనుక రెండును వచ్చిన పులి కట్టుబడిపోవును. అందుచేత మంచి ఆటగాడు పులులను ఒకదానికొకటి ఎడముగ, నడిమి గీతలమీద త్రిప్పుచు, ఎరను చూచినంతనే దూకక ఓపిక పట్టును. మేకలవాడు ఒక్కొక్కప్పుడు కావలెననియే ఒక మేకను చావనిచ్చి, దూకిన పులిని మూలకు ఈడ్చును. తినుట పులికి విధికాదు, ఇష్టము. ఆ ఇష్టమే దాని బలహీనత. ఈ మాటను శ్రోతలు కొంచెము గుర్తుంచుకొనవలెనని కోరెదను. చందుర్తిలో దీని పని పడును.

చదరంగమును గూర్చి ఎక్కువ చెప్పను. దానిని గూర్చి చెప్పువారు పలువురు కలరు. మన పాత పద్ధతిలో బంటు మొదటి యెత్తునను ఒక్క గడియే నడచును. మన దేశమునుండి పారసీకమునకును, అరబ్బులకును పోయిన ఆటలో మంత్రికి ఇప్పటి బలము లేదు. సేనలు తాకుటకు చాల యెత్తులు పట్టును. అందుచేత అరబ్బు పండితులు తొలి యెత్తులను విడివిడిగ కాక, ఒక వ్యూహముగ వర్ణించి, వానికి పేర్లు పెట్టిరి. 15వ శతాబ్దపు చివర ఐరోపాలో మంత్రికిని శకటునకును దూరము పరుగెత్తు బలము వచ్చినది. అప్పటినుండి తొలి యెత్తులలో ఏమఱుపాటు ప్రాణాంతకమైనది. దీనికి మంచి నిదర్శనము పంజాబునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. దేశీయ పద్ధతిలో ఆట నేర్చి, ఇంగ్లండునకు పోయి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేతయైన మేటి. ప్రపంచ విజేతగ నుండిన కాపాబ్లాంకాను సయితము ఓడించెను. అట్టివానికిని తొలి యెత్తులే లోపము. అలవాటైన నెమ్మది నడక అక్కడ చెల్లలేదు. నడిమి ఆటలో తన ప్రజ్ఞచే ఆ లోటును పూడ్చుకొనెడివాడు. నేడు మన కోనేరు హంపి, పెండ్యాల హరికృష్ణ వంటివారు బల్లముందు కూర్చుండుటకు మునుపే తొలి యెత్తులను నెలల తరబడి సాధన చేయుదురు. కల్పిత రాజ్యములు, మాయాసేనలు గల కంప్యూటరు ఆటలలో నేటి యువకులు వంతులవారీగ లోకములను జయించుచున్నారు. వారిని అడిగినను ఇదే చెప్పుదురు: మొదటి వంతులలో పొరుగువానిపై దూకినవాడు కాదు, రేవులు, గనులు, కనుమలు ఎవరివో తేల్చుకొన్నవాడు నిలుచును.

ఇక బల్లమీదినుండి నేలమీదికి దిగుదము. అన్నవరము దగ్గఱ తూర్పుకనుమల గుట్టలు సముద్రమువైపు సాగివచ్చును. రత్నగిరి అట్టి గుట్టలలో నొకటి. పంపానది దాని పాదమును ఒరసికొని పాఱును. నేడు కలకత్తా నుండి మదరాసునకు పోవు రైలుదారియు రాజబాటయు ఇక్కడ ఒకదానినొకటి అంటిపెట్టుకొని పోవుటకు కారణము ఈ కొండలును కడలియే. విశాఖపట్టణమునుండి గోదావరికి, గోదావరినుండి కళింగమునకు నడచు సేనకు ఈ మెట్టనేలల దారియే సుకరము. పులిజూదపు గీత వంటిది. కాయ దానిమీదనే నడువవలెను.

ఈ తూర్పుతీరమున మొదటి యెత్తుల విద్యను చక్కగ ఎఱిగినవాడు శ్రీకృష్ణదేవరాయలు. గజపతులపై పోదలచి 1513లో ఉదయగిరిని చుట్టుముట్టెను. ఆ కోట లొంగుటకు ఏడాదికి పైగ పట్టెను. మఱొకడైనచో దానిని ప్రక్కన విడిచి కటకమువైపు పరుగుతీసియుండును. రాయలు కదలలేదు. ఉదయగిరి చేజిక్కిన పిదపనే 1515లో కొండవీడు, ఆపై కొండపల్లి, ఆపై రాజమహేంద్రవరము. 1516 నాటికి సింహాచలమున శాసనము. వెనుక చోటు నింపనిదే ముందు మేకను పెట్టలేదు. వెనుకనుండి వచ్చి మడమలు పట్టు శత్రువునకు మన అర్థశాస్త్రకారులు పార్ష్ణిగ్రాహుడని పేరు పెట్టిరి. విజిగీషువు కన్ను ముందున్న పగవానిపై ఎంతయుండునో వీనిపై నంత యుండవలెను. రాయలవారి కళింగయాత్రలో పార్ష్ణిగ్రాహునకు చోటే లేదు.

రెండువందల నలువది యేండ్ల తరువాత ఇదే గీతమీద ఇంకొక ఆట నడచినది. అందు ముగ్గురు ఆటగాండ్రు. మూడవవాడు తాను ఆటగాడనుకొనెను గాని, ఇతరులు అతనిని కాయగ చూచుచుండిరి.

1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైన కథ తెలుగువారికి చెప్పనక్కఱలేదు. విజయనగర ప్రభువు పెద విజయరామరాజు పక్షమున ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పలికినవి. కొలదిదినములకే తాండ్ర పాపారాయుని చేతిలో విజయరామరాజును పడెను. ఆయన వెనుక గద్దెకు వచ్చిన ఆనందరాజు బుస్సీ చేసిన ఏర్పాటులతో తృప్తి చెందలేదు. అయినను బుస్సీ ఉన్నంతకాలము ఎవ్వరును చేయి ఎత్తలేదు. అతడు నడిమి గీతలమీద తిరుగు పులి: హైదరాబాదున నిజాము సలాబతు జంగు అతని మాట వినును, ఉత్తర సర్కారుల పన్ను అతని సేనలకు వచ్చును, మచిలీపట్టణము రేవు అతని వెనుక ఉండును.

1758లో ఆ పులిని బల్లమీదినుండి తీసివేసినది ఇంగ్లీషువారు కారు, ఫ్రెంచివారే. పుదుచ్చేరికి క్రొత్తగ వచ్చిన లాలీ, మదరాసును పట్టవలెనను తొందరలో, బుస్సీని దక్షిణమునకు పిలిపించెను. అతని స్థానమున వచ్చిన కాన్‌ఫ్లాన్‌కు దేశము తెలియదు, దేశమునకు అతడు తెలియడు. మొదటి యెత్తు అనగా ఇది. ఒక్క తుపాకి పేలలేదు, ఒక్క సిపాయి చావలేదు. ఫ్రెంచివారి సర్కారులు సగము పోయినవి.

ఆనందరాజు తక్షణమే విశాఖపట్టణమునుండి ఫ్రెంచివారిని వెడలగొట్టి, సహాయమునకు ఇంగ్లీషువారికి వ్రాసెను. మదరాసువారికి తమ తల తమకు బరువుగ నుండెను. కలకత్తాలో క్లైవు మాత్రము అవకాశమును చూచెను. అతని మండలిలోని వారు వద్దన్నను వినక, కర్నలు ఫోర్డును సుమారు 500 మంది తెల్లవారితోను, 2,000 మంది సిపాయీలతోను ఓడలెక్కించి పంపెను. వంగదేశములో తన కాలు ఇంకను నిలద్రొక్కుకొనని కాలమది. అంత సేనను విడుచుట సాహసమే. కాని ఆ సేన సర్కారులలోనున్నచో, ఫ్రెంచివారు అక్కడినుండి మదరాసు ముట్టడికి ఒక్క సిపాయినైనను పంపలేరు. ఒక మేకను ఇచ్చట పెట్టి, అచ్చటి పులిని కట్టుట యనగా నిదియే.

1758 అక్టోబరులో ఫోర్డు విశాఖపట్టణమున దిగెను. ఆనందరాజుకును అతనికిని జరిగిన ఒడంబడికను చదివినప్పుడెల్ల నాకు పులిజూదపు మూలలు జ్ఞప్తికి వచ్చుచుండును. సేన వ్యయము ఆనందరాజు భరింపవలెను. గెలిచిన దేశములో లోపలి భూములు అతనివి. సముద్రతీరపు పట్టణములు, నదీముఖములు కుంపిణీవారివి. చూచుటకు ఇది రాజునకు లాభమైన బేరమే. పంటభూములు, పన్నులు, కోటలు, రాజమహేంద్రవరము నడిమి బయలులో నున్నవి. మీదుమిక్కిలి తెల్లవారికి కావలసినది ఇసుకదిబ్బలును ఉప్పుకయ్యలును! కాని ఆ ఇసుకదిబ్బల మీదికి ఓడ వచ్చును. ఓడలో మందుగుండు వచ్చును, ధనము వచ్చును, ఓడిన నాడు పాఱిపోవుటకు దారి యుండును. తనవైపు చావులేని మూలలను పరునికిచ్చి, నాలుగువైపుల నుండి దూకుటకు వీలగు నడిమి చోట్లను తాను తీసికొనెను. ఆనందరాజును తెలివిలేనివాడని నేననను. పులిని తఱుముటకు వచ్చిన వానిని మేక యనుకొనుట ఆనాడు ఎవరికైనను సహజమే.

ఉభయ సేనలును కలిసి తీరపుదారిని దక్షిణమునకు నడచినవి. కాన్‌ఫ్లాన్ రాజమహేంద్రవరమునుండి ఎదురు వచ్చి గొల్లప్రోలు ప్రాంతమున విడిసెను. అతని వెంట 500 మంది ఫ్రెంచివారు, 6,000 మంది సిపాయీలు, ముప్పది ఫిరంగులు. డిసెంబరు నెల తొలి పక్షములో కొన్ని దినములు రెండు సేనలును కొలది మైళ్ల ఎడముతో కూర్చుండి ఒకదానినొకటి చూచుకొనినవి. ఎవ్వరికిని ముందుగ దూకుటకు ధైర్యము చాలలేదు. తుదకు ఫోర్డు తెల్లవాఱకమునుపే లేచి, మేలైన నేలకై చందుర్తివైపు నడచెను. అది చూచి కాన్‌ఫ్లాన్, శత్రువు వెనుదీయుచున్నాడని భ్రమించి, మీదికి ఉఱికెను.

అప్పుడు జరిగినది ప్రసిద్ధమే. వంగదేశపు సిపాయీలకు ఎఱ్ఱ అంగీలు. దక్షిణదేశమున ఎఱ్ఱ అంగీలు తెల్లసోల్జరులే తొడిగెడివారు. ఫోర్డు తన తెల్లదళమును ఎత్తుగ పెరిగిన చేని మాటున నడుమ నుంచి, సిపాయీలను ఇరువైపుల నిలిపెను. ఫ్రెంచిదళము చేను వెనుకనున్నవారిని చూడలేదు. ఎడమవైపు ఎఱ్ఱ అంగీలను చూచి, ఇదే ఇంగ్లీషుదళమని వారిమీదికి పోయెను. సిపాయీలు తలపడలేక చెదరిరి. గెలిచితిమను ఉత్సాహమున ఫ్రెంచివారు వరుస తప్పి వెంటబడిరి. అంతట చేని మాటునుండి అసలు తెల్లదళము తేరి, ప్రక్కనుండి తుపాకులు ప్రేల్చెను. కొంతసేపటికే ఫ్రెంచి సేన విఱిగినది, ఫిరంగులు పోయినవి, శిబిరము పోయినది. కాన్‌ఫ్లాన్ గుఱ్ఱములు మార్చుకొనుచు రాజమహేంద్రవరము చేరువఱకు ఆగలేదు.

ఫోర్డు ఆ సిపాయీలను ఎరగ పెట్టవలెనని ముందుగనే తలంచెనో, పొరపాటు శత్రువుదై ఫలము తనదైనదో, చరిత్రకారులు వాదింతురు. నాకు చేను మాటున దళము నుంచుట యాదృచ్ఛికముగ తోచదు. ఏ విధముగ చూచినను కాన్‌ఫ్లాన్ తప్పు ఒక్కటే. తినుట తనకు విధికాదు. ముప్పది ఫిరంగులతో, ఎక్కువ సేనతో, తన దేశములో కూర్చున్నవాడు. సెలవుకు డబ్బులేక శత్రువే మరలిపోయెడివాడు. ఎరను చూచెను, దూకెను. ఇందు ఇంకొక విషయము గమనింపదగినది: యుద్ధము జరుగుచుండగ ఆనందరాజు సేన ముందునకు రాలేదు. తన దేశమునకై జరుగు పోరులో తన బలమును దాచుకొని, పరునిచేత గెలిపించుకొనవలెనని అతని ఎత్తు. దానికి ఫలమును పరుడే కుడిచెను.

రాజమహేంద్రవరము చేజిక్కినది. అచ్చట డబ్బు తగవు వచ్చినది. ఇత్తునన్న ధనము రాజు ఈయలేదు. ధనము లేక ఫోర్డు కదలలేకపోయెను. ఇంచుమించు ఏబది దినములు వ్యర్థమైనవి. ఇన్ని దినములు దొరికియు కాన్‌ఫ్లాన్ చేసినది మచిలీపట్టణపు కోటలో కూర్చుండుట. మూల మేకకు కోట, పులికి బోను అంటిని గదా! 1759 మార్చిలో ఫోర్డు ఆ కోటముందు దిగునప్పటికి అతని స్థితియు దయనీయమే. తన సోల్జరులే తిరుగబడిరి, మందుగుండు తఱిగినది, వెనుకనుండి ఫ్రెంచిదళమొకటి రాజమహేంద్రవరమును మరల పట్టుకొనినది, సలాబతు జంగు పెద్ద సేనతో బెజవాడవైపు వచ్చుచుండెను. పార్ష్ణిగ్రాహులు ఒకరు కాదు, ఇరువురు. రాయలవారు చూచిన తిట్టియుందురు. ఏప్రిలు 7వ తేది రాత్రి ఫోర్డు ఒకవైపు ఆనందరాజు మనుష్యులచేత హడావుడి చేయించి, ఇంకొకవైపు నాక్సు దళమును బురదనేల మీదుగ పంపి, అసలు దెబ్బను వేఱొక బురుజుపై కొట్టి కోటను పట్టెను. లొంగినవారి సంఖ్య పట్టినవారి సంఖ్యకంటె ఎక్కువ.

మే 14న సలాబతు జంగు ఒడంబడిక చేసికొని, మచిలీపట్టణమును దాని చుట్టుప్రక్కల జిల్లాలను కుంపిణీకి ఇనాముగ నిచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యమునుండి వెడలగొట్టుదునని మాట యిచ్చెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో సంధి, ఇవియన్నియు తరువాతి యెత్తులు. ఆట తెలిసినవారికి వానిలో ఆశ్చర్యపడవలసినది ఏమియు లేదు. మూలలు నిండినవి, నడిమి బయలు ముడుచుకొనుచున్నది.

లోపలి భూములు పుచ్చుకొన్న విజయనగరమువారి సంగతి ఏమైనది? ఆనందరాజు ఎంతో కాలము బ్రదుకలేదు. ఆయన వెనుక బాలుడైన విజయరామరాజు గద్దె కెక్కెను. కొన్ని యేండ్లు ఆ సంస్థానము సర్కారులలో మిన్నయైనదిగనే వెలిగినది. రేవులవారు పేష్కషు పెంచిరి, సేనలను తగ్గింపుమనిరి, బకాయిలు లెక్కగట్టిరి. తుదకు సంస్థానమును వశపఱచుకొని, నెలకు ఇంతయని భత్యమిచ్చి, రాజును మచిలీపట్టణమునకు పోయి యుండవలసినదని ఆజ్ఞాపించిరి. ముప్పదియైదేండ్ల క్రిందట ఆయన ఇంటివారే ముందుండి ఫోర్డును తీసికొనిపోయిన మచిలీపట్టణమే అది. విజయరామరాజు ఆ దారి పట్టలేదు. తనవారితో పద్మనాభమున నిలిచెను. 1794 జూలై 10న కుంపిణీ దళము మీదబడినప్పుడు ఆయనయు, ఆయనను విడువని క్షత్రియవీరులు పెక్కండ్రును ఆ పొలముననే నేలకొఱిగిరి.